వేళ్లు కదిలాయి కాబట్టి ఏం కాలేదన్నారు

షాపు తలుపుకు అద్దం బిగిస్తుంటే పలక విరిగి కుడి మణికట్టు మీద, చిటికెన వేలి వైపు పడింది. రక్తం చిమ్మింది. మా కుర్రాడు తువ్వాలు మడిచి గట్టిగా అదిమిపెట్టి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ వేళ్లు మడవమన్నారు, మడిచాను. "కదులుతున్నాయిగా, ఏం కాదు" అని పైన కుట్లు వేసి పంపేశారు. చిటికెన వేలు మొద్దుబారిందంటే మత్తు దిగలేదన్నారు. మర్నాటికీ దిగలేదు.

వేళ్లను మడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. మణికట్టు దగ్గర నరం తెగినా అవి పనిచేస్తూనే ఉంటాయి. ఈ సంగతి చెప్పింది తర్వాత చూసిన ప్లాస్టిక్ సర్జన్ గారు. ఆయన పేపర్ క్లిప్పు విప్పి రెండు కొనలతో వేలి చివర తాకించారు. మామూలుగా అయితే 6 మిల్లీమీటర్ల ఎడమున్నా రెండని తెలియాలి. నాకు ఒక్కటీ తెలియలేదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కాగితం పెట్టి లాగితే, పట్టు నిలుపుకోవడానికి బొటనవేలి కణుపు దానంతటదే వంగిపోయింది. తర్వాత పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర ధమనులు రెండూ నొక్కి, చెయ్యి తెరవమన్నారు. అరచెయ్యి తెల్లగా పాలిపోయింది. బొటనవేలి వైపు వదిలితే ఎర్రబడింది. మళ్లీ నొక్కి చిటికెన వేలి వైపు వదిలితే తెల్లగానే ఉండిపోయింది. చిటికెన వేలి వైపు ఉండే అల్నార్ నరం, అల్నార్ ధమని రెండూ తెగాయన్నమాట. బొటనవేలి వైపు ధమని రక్తం అందిస్తుండబట్టే వేళ్లు చల్లబడలేదు. ఇందులో ఖర్చయ్యే పరీక్ష ఒక్కటీ లేదు. మొదటిచోట ఆ కాగితం ముక్క ఎందుకు పెట్టలేదని నాకు ఇప్పటికీ కోపమే.

మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో రెండూ కలిపారు. అయితే కుట్టగానే నరం పనిచేయదు. తెగిన చోటి నుంచి మళ్లీ పెరుగుతూ రోజుకు సుమారు 1 మిల్లీమీటరు సాగాలి. ఫిజియోథెరపీ అమ్మాయి మచ్చ దగ్గర నుంచి వేలితో తట్టుకుంటూ వచ్చేది. ఎక్కడ తడితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందో నరం అక్కడిదాకా వచ్చినట్టు. ఈలోగా టీ గ్లాసు తగిలి బొబ్బ లేచినా నాకు తెలియలేదు, మా ఆవిడ చూసి కేకేసింది. సాయంత్రాలు నా కళ్లు మూయించి, "ఏమండీ, ఇది శనగా, బఠాణీయా?" అని వేలికింద గింజ పెట్టేది. చాలాకాలం అన్నీ ఒకటే.

ఇప్పుడు స్పర్శ చాలావరకు వచ్చింది. చలికాలం పొద్దున్నే వేలు లాగేస్తుంది. స్క్రూలు బిగించే పట్టు రాలేదు, ఆ పని కుర్రాడికి వదిలేశాను. కొలతలు, కోత మాత్రం నావే.