దారం ఎటునుంచి వస్తుంది
స్కాట్లాండులోని ఒక మ్యూజియంలో ఆరేళ్లుగా నేను ఆగ్మెంటెడ్ రియాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. గాజు పెట్టెలోని వస్తువు వైపు ట్యాబ్లెట్ పట్టుకుంటే, కెమెరా దానిని గుర్తుపట్టి, మేము తయారుచేసిన కదలికను సరిగ్గా ఆ వస్తువు మీదనే జరుగుతున్నట్లు తెర మీద చూపిస్తుంది. నిరుడు నా బల్ల మీదికి జానెడు లేసు ముక్క వచ్చింది. పెట్టె పక్కన చీటీలో ఉన్నవి మూడే మాటలు: లేసు, నూలు, భారతదేశం. రిజిస్టరు తీసి చూస్తే గోదావరి జిల్లా అని రాసి ఉంది.

మాది నరసాపురం పక్క పల్లె. నా చదువు ఫీజుల్లో చాలా భాగం అమ్మ అరుగు మీద కూర్చుని అల్లిన లేసు పువ్వుల నుంచే వచ్చింది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఈ అల్లిక నేర్పారని మా వైపు చెప్పుకుంటారు. ఆ దేశంలోనే ఈ ముక్క నా చేతికి రావడంతో ఆ మూడు మాటల చీటీ నాకు మరీ వెలితిగా తోచింది.

మామూలుగా ఒక వస్తువు చుట్టూ వందల ఫోటోలు తీస్తే సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చుకుని త్రిమితీయ రూపం కడుతుంది. లేసు దానికి లొంగదు. దారాలు సన్నం, అంతా ఒకే తెలుపు, కన్నాల్లోంచి వెనకున్నది కనిపిస్తుంది. అందువల్ల ఏ బిందువు ఏదో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. నల్లగుడ్డ మీద పరిచి ఫోటోలు తీసి, దారం నడిచిన దారినంతా మూడు వారాలపాటు చేత్తో గీశాను. పైగా పాత వస్త్రాలు వెలుతురుకు పాడవుతాయి కనుక వాటి మీద సాధారణంగా 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి పడనివ్వరు. ఆ మసకలో, గాజు మీది ప్రతిబింబాల మధ్య కెమెరా పట్టు తప్పి బొమ్మ వణికేది. చివరికి పెట్టె పక్కన ముదురు నమూనా అచ్చువేసిన పలక పెట్టి, గుర్తింపును దానికి ముడివేశాము.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. మొదటి ప్రయోగంలో సందర్శకులు తెర మీద దారాలు అల్లుకోవడం చూసి సంతోషించి, లేసు వైపు తల తిప్పకుండానే వెళ్లిపోయారు. వస్తువు నుంచి కన్ను మళ్లించే తెర ఎంత అందంగా ఉన్నా మ్యూజియంలో దానికి చోటు లేదని నేను గట్టిగా నమ్ముతాను. కనుక ఒక్క పువ్వు అల్లిక మాత్రమే ఉంచి, అది పూర్తికాగానే తెర ఖాళీ అయ్యి, ఆ పువ్వును లేసులో వెతకమని అడిగేలా మార్చాము. అప్పుడు జనం గాజు మీదికి వంగారు.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆ కదలికను అమ్మకు చూపించాను. విడి పువ్వులను కలిపే అతుకు పని తెలిసినవాళ్లకు చూపించమంది. పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠను దాటి, సఖినేటిపల్లిలో ఉండే మా దూరపు అత్తయ్య దగ్గరికి వెళ్లాను. ఆమె రెండుసార్లు చూసి, "ఇదేంటమ్మాయ్, దారం కిందనుంచి వస్తోంది? ఎడం చూపుడువేలి మీంచి రావాలి. ఇలాగైతే బిగువెక్కడుంటుంది?" అంది. తర్వాత ఫోటోను దగ్గరికి తీసుకుని, పువ్వులు అల్లిన చెయ్యి వేరు, వాటిని అతికిన చెయ్యి వేరని ముడులు చూపించి చెప్పింది. మూడు వారాలు ఆ దారం వెంటే తిరిగినా నేను పసిగట్టలేని సంగతి అది.

ఆమె చేతులను వాకిట్లో, పగటి వెలుతురులో చిత్రీకరించాను. నిపుణులకు ఇచ్చే రుసుమే ఆమెకూ ఇవ్వాలని అధికారులను అడిగితే, ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ట్యాబ్లెట్ ఎత్తితే, లేసు మీద ఆమె చేతులు కనిపిస్తాయి; దారం ఎడమ చూపుడువేలి మీంచే వస్తుంది. చీటీలో నరసాపురం పేరు చేరింది, దాని కింద "కనీసం ఇద్దరి పని" అన్న మాట కూడా.