నిఘంటువు ఎవరి కోసం?

గిడుగు రామమూర్తి గారనగానే మనకి వాడుక భాష ఉద్యమమే గుర్తొస్తుంది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయాక ఆయన మా రాజమండ్రి వచ్చేశారు. సవర అనే గిరిజన భాష నేర్చుకోవడానికి మన్యం తిరిగినప్పుడు జ్వరం పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వినికిడిని దెబ్బతీసింది. చెవులు పోయినా మాటలు పోగేశారు చూడండి! వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంతకు చాలా ముందే సవర పిల్లల కోసం వాచకాలు రాసి, బడి కూడా పెట్టారు. నిఘంటువు కంటే అదే పెద్ద పని అని నా అభిప్రాయం.

ఈ మధ్య ఇక్కడ డిగ్రీ చదువుతున్న ఓ కోయ కుర్రాడితో కలిసి వాళ్ళ మాటలు రాస్తున్నాను. చింతూరు వైపు వాళ్ళది. 'అ' నుంచి వరసగా అడిగితే ఎవరికీ ఏమీ తోచదు. వేట, విత్తనాలు, జ్వరాలు, పెళ్ళి అని ఒక్కో సంగతీ పట్టుకుంటే మాత్రం మాట వెంట మాట వచ్చేస్తుంది. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఆవిడకి మా ఇద్దర్నీ దిద్దడంతోనే సరిపోయింది. తెలుగు లిపిలో రాస్తున్నాం గానీ పలికే తీరంతా అందులో ఇమడదు, అందుకే గొంతు కూడా రికార్డు చేస్తున్నాం.

పేచీ ఒక్కటే. అర్థం ఇంగ్లీషులో ఇస్తే పరిశోధకులకి పనికొస్తుంది. పిల్లలకైతే అర్థమూ, వాడే వాక్యమూ కోయలోనే ఉండాలంటాను నేను. "మా టీచర్లు తెలుగువాళ్ళే కదండీ, పక్కన తెలుగు లేకపోతే పుస్తకం ఎవరు తెరుస్తారు?" అంటాడతను. ప్రస్తుతానికి రెండూ రాస్తున్నాం.