నాన్నగారి మందుల డబ్బా

కిందటి మే నెలలో ఒక తెల్లవారుజామున నాన్నగారు బాత్‌రూమ్‌కు వెళ్లబోయి మంచం పక్కనే కూలబడ్డారు. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆయనకంటే మేమే ఎక్కువ బెదిరిపోయి, మర్నాడే బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించి, జారని పట్టా కొనుక్కొచ్చాం. పది రోజులు తిరగకుండానే మళ్లీ పడ్డారు, అదీ మంచం దగ్గరే. తప్పు నేలది కాదని అప్పటికి గాని మాకు తట్టలేదు. "కళ్లు బైర్లు కమ్మాయిరా, ఈ వయసులో మామూలేలే" అని ఆయన మాత్రం కొట్టిపారేశారు.

డాక్టరుగారు ఆయనను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూస్తే పై అంకె 148 ఉంది. లేపి నిలబెట్టి నిమిషం తర్వాత చూస్తే 116. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దానిని పట్టించుకోవలసిందేనట. ఇంట్లో మేము ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టి చూసేవాళ్లం కాబట్టి ఈ తేడా మా కంటపడనే లేదు.

తర్వాత బిస్కెట్ల డబ్బాలో ఉన్న మందులన్నీ బల్లమీద పోయించారు. గుండె డాక్టరు రాసిన మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా కలిసి ఉంది; రెండూ బీపీ తగ్గించే మందులే. అంతకుముందు వీధి చివరి డాక్టరు రాసిన మాత్ర కూడా ఆమ్లోడిపినే. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లోనూ, అసలు మందు పేరు చీమ తలకాయంత అక్షరాల్లోనూ ఉండగా, ఆ రెండింటినీ నెలనెలా కొని తెచ్చినవాణ్ని నేనే. వీటికి తోడు ప్రొస్టేట్ కోసం వేసుకునే టామ్సులోసిన్ కూడా నిలబడినప్పుడు బీపీని తగ్గించగలదు. పైగా రాత్రి లేవాల్సి వస్తుందని నాన్నగారు సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్లు ముట్టడం మానేశారు, ఆ ఎండల్లో!

డాక్టరుగారు రెండో ఆమ్లోడిపిన్ మాత్రను తీసేసి, మిగతావి కొనసాగించమన్నారు. (అడగకుండా ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తే బీపీ ఎగబాకుతుందని మరీమరీ హెచ్చరించారు.) లేచేటప్పుడు రెండు నిమిషాలు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, మడమలు ఆడించి, ఆపైన నిలబడమన్నారు. "నేనేమన్నా చంటిపిల్లాడినా" అని విసుక్కుంటూనే నాన్నగారు గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంటున్నారు.

అమ్మ మందుల సంచీ ఇంకా విప్పలేదు. వచ్చే గురువారం దానినీ తీసుకువెళ్తున్నాను.