తొమ్మిది సర్వర్లు, రెండు గడియారాలు

కూకట్‌పల్లిలో మా ఆఫీసు. మూలగదిలో తొమ్మిది లైనక్స్ సర్వర్లు. ఏదన్నా ఆగిందంటే ఒక్కోదాంట్లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి (దూరం నుంచే లాగిన్ అయి), లాగ్స్‌లో, అంటే ఏ టైంకి ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైళ్లలో, గ్రెప్ (పదాలు వెతికే కమాండ్) కొట్టడమే మా పద్ధతి.

వానాకాలం ఓ రాత్రి ఆర్డర్లు ఆగిపోయాయి. వెబ్ సర్వర్‌లో ఎర్రర్ 23:40కి. డేటాబేస్ లాగ్‌లో ఆ టైంకి ఏమీ లేదు. గంటన్నర తల బద్దలు కొట్టుకున్నాక మా జూనియర్ అన్నాడు: "అన్నా, గిది మన టైం గాదు, యూటీసీ ఉన్నట్టుంది." యూటీసీ అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. అంత వెనక్కెళ్తే 18:10 దగ్గర దొరికింది, కనెక్షన్లు నిండిపోయాయని.

మర్నాడే ఆర్‌సిస్‌లాగ్‌తో (లాగ్స్ రాసి, వేరే సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్) అన్నిటి లాగ్స్‌నీ ఒక సర్వర్‌కి మళ్లించా, యూడీపీ అనే పద్ధతిలో, 514 పోర్ట్ మీద. పావుగంట పని. (లాగులన్నీ ఒక్కచోట చేరుస్తున్నానని ఫోన్లో అంటుంటే విని, "మంచిగనే ఉంది బిడ్డా, ఉతుకుడు తక్వైతది" అంది అమ్మ.)

వారం తర్వాత ఆ సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే, ఆ నాలుగు నిమిషాల లాగ్స్ అక్కడికి రానేలేదు. యూడీపీ విసిరేసి పోతుంది, అందాయా అని అడగదు. అందాయో లేదో చూసుకునే టీసీపీకి మార్చా. అదీ చాలదు. అవతల సర్వర్ పడిపోతే దాచుకునే చోటుండాలి. అందుకే ఆర్‌సిస్‌లాగ్‌లో పంపే యాక్షన్‌కి (పంపే పనికి) విడిగా క్యూ, అంటే లాగ్స్ ఆగి ఉండే వరస, ఇచ్చి, క్యూ ఫైల్‌నేమ్ పెట్టి డిస్క్ మీదికి పోయేలా చేశా, రెజ్యూమ్ రీట్రై కౌంట్ -1, అంటే అందేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించమని. విడి క్యూ లేకుండా -1 ఒక్కటే పెడితే లోకల్ లాగ్స్ కూడా దాని వెనకే ఇరుక్కుంటాయి. ఇది నేను పడి నేర్చుకున్నదే. తర్వాత ఫైర్‌వాల్‌లో పోర్ట్ పది నిమిషాలు మూసి, లాగర్ కమాండ్‌తో వంద లైన్లు పంపి, తెరిచి లెక్కపెట్టా. వందా వచ్చాయి.

వెతకడానికి లోకి (Loki, లాగ్స్ దాచే ప్రోగ్రామ్), గ్రఫానా (వాటిని తెర మీద చూపేది) పెట్టా. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల్లో లాగ్స్ 180 రోజులు ఉంచాలని ఉంది కాబట్టి లోకిలో రిటెన్షన్ పీరియడ్ (దాచే గడువు) అంతే రాశా. గడువు దాటినా ఒక్కటీ చెరగలేదు, డిస్క్ ఎర్రబడింది. కంపాక్టర్‌లో (లోకిలో పాతవాటిని చెరిపే భాగం) రిటెన్షన్ ఎనేబుల్డ్ అనేది విడిగా ట్రూ చేయాలట!

ఇక గడియారం గొడవ. ఆర్‌సిస్‌లాగ్ పాత ఫార్మాట్‌లో పంపే టైంకి జోన్, అంటే అది ఎక్కడి టైమో చెప్పే గుర్తు, ఉండదు. ఆర్‌సిస్‌లాగ్ ఫార్వర్డ్ ఫార్మాట్ పెడితే జోన్‌తో సహా వస్తుంది. ఎందుకైనా మంచిదని అన్ని సర్వర్లనీ యూటీసీకి మార్చేశా. గ్రఫానా ఎలాగూ బ్రౌజర్‌లో మన టైమే చూపిస్తుంది.

క్రాన్ (సర్వర్ టైం చూసి పనులు మొదలుపెట్టే ప్రోగ్రామ్) సంగతి మాత్రం మర్చిపోయా. రాత్రి 2 గంటల బ్యాకప్ పొద్దున 7:30కి మొదలైంది.