శుభ్రం చేశాను మేడమ్

"ఆవిడ ఆగిన చోట నువ్వెవరు కత్తెర పెట్టడానికి?" డైరెక్టరమ్మ అన్నదానికి అర్థం అదీ. ఇంగ్లీషులో చాలా మర్యాదగానే అంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పైగా ఐదుగురు నటుల ముందు.

కృష్ణానగర్‌లో పన్నెండేళ్ళు డబ్బింగ్ స్టూడియోల్లో సౌండ్ చేసిన మనిషిని. మా పనిలో ఖాళీ అంటే తప్పు. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే ప్రొడ్యూసర్ గాజు గోడ అవతలి నుంచి చెయ్యి ఊపేవాడు. మా ఆవిడ ఉద్యోగంతో షికాగో వచ్చి, ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, చేతికొచ్చాక పగలు కంపెనీల ట్రైనింగ్ వీడియోల సౌండ్ కడుగుతున్నాను, సాయంత్రాలు ఈ చిన్న థియేటర్‌కి వెళ్తున్నాను. ఆత్మగౌరవం నిలబెట్టుకోవడానికి నాకు ఇక్కడ ఉన్నది ఈ సాయంత్రాలే. అక్కడే ఈ మాట పడింది.

సంగతి ఇది. 1946 వేసవిలో డేవిడ్ బోడర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ వైర్ రికార్డర్ మోసుకుని యూరప్ వెళ్ళాడు. పనిచేసేది ఇక్కడి ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో. మన పిల్లలు ఎమ్మెస్‌కి చేరే కాలేజీల్లో అదీ ఒకటి. ఇక్కడ టేపులు ఇంకా వాడుకలోకి రాని రోజులు. వెంట్రుకంత సన్నటి స్టీలు తీగ మీద గొంతు ఎక్కేది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, జర్మనీ తిరిగి, నాజీ క్యాంపుల నుంచి బయటపడ్డవాళ్ళతో, ఇల్లూ ఊరూ పోయినవాళ్ళతో మాట్లాడాడు. దాదాపు 130 మంది, అందులో ఎక్కువమంది యూదులు. యిడ్డిష్, జర్మన్, రష్యన్, ఇంకా ఎన్నో భాషలు. తర్వాత తనే ఆ తీగ వింటూ, ఇంకో రికార్డర్‌లోకి ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆ కాలేజీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఎవరైనా వినొచ్చు.

మా నాటకంలో నటుల చెవిలో అసలు గొంతు మోగుతుంది, వాళ్ళ నోట ఇంగ్లీషు వస్తుంది. అక్కడ ఆగితే ఇక్కడా ఆగాలి, అక్కడ తడబడితే ఇక్కడా తడబడాలి. షూటింగ్‌లో రికార్డైన పైలట్ ట్రాక్ చెవిలో పెట్టుకుని డబ్బింగ్ చెప్పడమే కదా, నాకు కొట్టిన పిండి అనుకున్నాను. ఒక రాత్రంతా కూర్చుని అడుగున గుయ్యిమనే హమ్ తీసేశాను, దగ్గులు తీసేశాను. ఒకచోట ఒకావిడ పదకొండు సెకన్లు మాట్లాడలేదు, దాన్ని ఒకటిన్నరకి దించాను. బోడర్ అడ్డం వచ్చి వేసే ప్రశ్నలు కూడా కోసేశాను. మనిషి గుండె కోసి చెప్తుంటే మధ్యలో నెల ఏది, ఎంతమంది అని అడుగుతాడేమిటి? అడుగున సన్నగా వయొలిన్ వేశాను. డైరెక్టరమ్మ శభాష్ అంటుందనుకున్నాను.

ప్రశ్నలు పోయినందుకే ఆవిడకు ఎక్కువ బాధ కలిగింది. బోడర్ కూడా యూదుడే, లాత్వియాలో పుట్టినవాడు. అంత చదువుకున్నవాడికే 1946లో ఈ మాటలు బుర్రకెక్కలేదు, మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆ ఎక్కకపోవడం కూడా సాక్ష్యమేనట. మొదటి రోజు చెప్పిన పాఠమే మళ్ళీ గుర్తుచేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ అనే నాజీ క్యాంపు కేసు నడిచినప్పుడు నాటక రచయిత పీటర్ వైస్ కోర్టులో విన్న మాటలనే ఏరి నాటకం చేశాడు. తీర్పు వచ్చిన రెండు నెలలకు, 1965 అక్టోబర్ 19న, రెండు జర్మనీల్లోనూ కలిపి డజనుకు పైగా థియేటర్లలో ఒకే రాత్రి మొదలైంది. కోర్టు సెట్ కూడా వెయ్యొద్దని ముందే రాసిపెట్టాడు. సెట్టే వద్దన్న చోట నేను వయొలిన్ వేశాను.

సరే మేడమ్ అన్నాను. మేడమ్ అంటే ఆవిడకు నచ్చదు. డెబ్బై ఏళ్ళావిడను పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాదు.

డెవాన్ అవెన్యూలో గోంగూర కొనడానికి దిగాను. ఆ వీధిలో కొంత ముక్క గాంధీ మార్గ్, ఇంకో ముక్క గోల్డా మీర్ బులవార్డ్. నడుస్తూ మనసులో ఆవిడతో వాదించుకుంటూనే ఉన్నాను. మాకు బుర్రకథ ఉంది, హరికథ ఉంది. చావింట్లో ఏడుపుకి కూడా రాగం ఉంటుంది. ఏడవని కోడలి గురించి ఊరంతా చెప్పుకుంటుంది. మీరేమో సంతాప సభలో శాండ్‌విచ్ తింటూ గుసగుసలాడతారు. గుండె కదలకుండా కథ చేరిందని ఎలా తెలుస్తుంది? కళ్ళు తడిస్తేనే కదా? ఇప్పటికీ ఇందులో పూర్తిగా నాదే తప్పని ఒప్పుకోను.

మర్నాడు అన్నీ తిరిగి పెట్టాను. హమ్‌తో సహా. రిహార్సల్‌లో ఆ సీను వచ్చింది. నటి కుర్చీలో కూర్చుని చెప్తూ చెప్తూ ఆగింది. బొటనవేలితో స్వెటర్ అంచును నొక్కి పట్టుకుంది, అంతే. నేను లెక్కపెట్టాను. ఆరు దగ్గర దగ్గాలనిపించింది. ఎనిమిది దగ్గర ఆవిడ డైలాగ్ మర్చిపోయిందేమో అని టెన్షన్. పదకొండు. బోడర్ పాత్రధారి నెల ఏదని అడిగాడు. ఆవిడ నెల చెప్పింది.

నాకు ఎందుకో మా నాయనమ్మ గుర్తొచ్చింది. రెండూ ఒకటని అనడంలేదు, ఆ తూకం నాకు చేతకాదు. 1948లో నాయనమ్మకు పదేళ్ళు. రజాకార్లు వస్తున్నారని కబురు అందితే జొన్న చేలల్లో పడి, నిజాం ఏలుబడిలో లేని మునగాల పరగణా వైపు నడిచారట. 2016లో సూర్యాపేటకు వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డు చేశాను. వాళ్ళ చిన్నతమ్ముడి మాట దగ్గర నాయనమ్మ ఆగిపోయింది. కుక్కర్ విజిల్ వేసింది. "పొయ్యి తగ్గియ్యిరా" అంది. మళ్ళీ మొదలుపెట్టేసరికి కథ చేను దాటి మునగాలలో ఉంది. తమ్ముడి సంగతి ఎవరమూ అడగలేదు. రెండేళ్ళకు నాయనమ్మ పోయింది.

ఆ రాత్రి అక్కకు ఫోన్ చేశాను. మొత్తం ఉన్నది, ఎడిట్ చెయ్యనిది, నీ దగ్గర ఏమైనా ఉందా అని.

"అదేందిరా, నువ్వు పంపిందే ఉంది గదా ఫ్యామిలీ గ్రూప్‌ల. వీణ మ్యూజిక్ పెట్టిందే. మంచిగ కట్ చేసినవ్, అందరం ఏడ్చినం. మళ్ళ అదెందుకు నీకు?"