లిచ్ కింగ్ రైడ్: హైదరాబాద్ బ్యాచ్‌కి పనికొచ్చే వివరాలు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రైడ్ అంటే జట్టుగా కలిసి పెద్ద శత్రువుని (బాస్‌ని) కొట్టడం. అందులో బాస్ అయిన లిచ్ కింగ్ తన బలంతో గెలిచే రాజు కాదు, మన మనుషులతో మనల్నే ఓడిస్తాడు. కథలోనూ అంతే. తర్వాత లిచ్ కింగ్ అయిన లోర్డెరాన్ యువరాజు అర్థాస్, ఫ్రాస్ట్‌మోర్న్ అనే శాపగ్రస్త కత్తి పట్టుకున్నాక కన్నతండ్రి టెరెనాస్‌ని సింహాసనం దగ్గరే చంపాడు. తన ప్రజల శవాలనే లేపి స్కర్జ్ సైన్యంలో కలుపుకున్నాడు. ఆ బుద్ధినే డిజైనర్లు ఫైట్‌లో పెట్టారు. ఆయన దాడుల్లో చాలావరకు మనవాళ్ల పొరపాటు మీదే బతుకుతాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏ దశలో ఏం చేయాలో సగం దానంతటదే తెలుస్తుంది.

ఈ కథ ఉన్న గేమ్ విస్తరణ, వ్రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్, 2008 నవంబర్ 13న వచ్చింది. ఆయన కోట ఐస్‌క్రౌన్ సిటడెల్ 2009 డిసెంబర్‌లో తెరుచుకుంది, పైన ఆయన ఉండే ఫ్రోజెన్ థ్రోన్ దాకా వెళ్లే దారి 2010 ఫిబ్రవరిలో. క్లాసిక్ (పాత గేమ్‌ని మళ్లీ తెచ్చే) రూపంలో వ్రాత్ 2022 సెప్టెంబర్ 26న మళ్లీ వచ్చింది. కింద చెప్పేదంతా లెవెల్ 80లో, పది మంది నార్మల్ (మామూలు కష్టం) ఫైట్ గురించి. కోటలోని బాస్‌లు పుట్రిసైడ్, లానథెల్, సింద్రగోసా ముగ్గురూ పడితే తప్ప ఆయన దగ్గరికి వెళ్లలేం.

ముందు లెక్క చూద్దాం. పది మంది నార్మల్‌లో ఆయన హెచ్‌పీ (ప్రాణబలం) సుమారు 1.74 కోట్లు. 10 శాతం దగ్గర కథ అడ్డొస్తుంది కాబట్టి మనం కొట్టాల్సింది 90 శాతం, అంటే 1.57 కోట్లు. ఎన్‌రేజ్ టైమర్, అంటే ఆయన కోపం హద్దు దాటి అందర్నీ చంపేసేలోపు మనకున్న గడువు, 15 నిమిషాలు. మధ్యలో ఒక్కో నిమిషం చొప్పున రెండు విరామ దశలు తీసేస్తే 780 సెకన్లు మిగులుతాయి. అంటే బ్యాచ్ మొత్తం కలిపి సెకనుకి 20 వేలు. ఐదారుగురు డీపీఎస్‌లకి (దెబ్బలు కొట్టే పని ఉన్నవాళ్లకి) ఇది పెద్ద బరువేం కాదు, మధ్యలో వచ్చే యాడ్స్‌ని (చిన్న శత్రువుల్ని) కొట్టినా సరే. వైప్ (అందరూ చనిపోవడం) అయిన ప్రతిసారీ డ్యామేజ్ మీటర్ తెరిచి ఒకరినొకరు తిట్టుకునే బ్యాచ్‌లు చూడాల్సిన చోటు అది కాదు. ఎవరు ఎక్కడ నిలబడి చనిపోయారో చూడాలి.

ఇక మన ఊరి సంగతి. ఇండియాలో సర్వర్ లేదు. యూరప్ గిల్డ్‌లో (ఆటగాళ్ల జట్టులో) చేరితే వాళ్ల రాత్రి ఎనిమిది మనకి చలికాలంలో అర్ధరాత్రి పన్నెండున్నర, ఎండాకాలంలో పదకొండున్నర. సిడ్నీ వాళ్ల రాత్రి ఎనిమిది మనకి మధ్యాహ్నం రెండున్నర లేదా మూడున్నర. అది ఆఫీసు టైం, మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకే కుదురుతుంది. పింగ్ (మన నొక్కుడు సర్వర్‌కి చేరి రావడానికి పట్టే ఆలస్యం) గురించి మాత్రం భయం అక్కర్లేదు. 150 మిల్లీసెకన్లు ఉందనుకోండి. డిఫైల్ అనే రాజు మంత్రం కాస్ట్ (వేయడానికి పట్టే టైం) 2 సెకన్లు. అందులో పింగ్, చూసి కదలడానికి పట్టే టైం తీసేసినా సెకనున్నర చేతిలో ఉంటుంది. మామూలు పరుగు సెకనుకి 7 గజాలు, కాబట్టి పది గజాలు జరగొచ్చు. చంపేది పింగ్ ఎక్కువుండటం కాదు, ఉన్నట్టుండి ఎగరటం. వైఫై వదిలి లాన్ కేబుల్ పెట్టుకోండి. రూటర్‌కి చిన్న యూపీఎస్ తగిలించండి, ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణానికే రూటర్ రీస్టార్ట్ అవుతుంది. డిస్కనెక్ట్ అయినంత మాత్రాన క్యారెక్టర్ వెంటనే మాయమైపోదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. డిఫైల్‌లో అలా నిలబడితే ఏమవుతుందో కింద చదవండి.

మొదటి దశ 100 నుంచి 70 శాతం దాకా. ఒక ట్యాంక్ (దెబ్బలు తన మీద వేసుకునేవాడు) రాజుని పట్టుకుంటాడు, రెండో ట్యాంక్ యాడ్స్ అయిన డ్రడ్జ్ ఘూల్స్‌నీ, షాంబ్లింగ్ హారర్‌నీ పక్కకి లాగుతాడు. హారర్ ముందువైపు షాక్‌వేవ్‌తో స్టన్ చేస్తుంది, అందుకే దాని మొహం జనం వైపు ఉండకూడదు. అది ఎన్‌రేజ్ అయితే హంటర్ ట్రాంక్విలైజింగ్ షాట్‌తో దించాలి.

ఇక్కడ అసలు పని నెక్రోటిక్ ప్లేగ్ అనే రోగం. ఇది ఒకరికి అంటుకుని ఐదు సెకన్లకోసారి 50 వేల డ్యామేజ్ ఇస్తుంది, అంటే మొదటి దెబ్బకే ప్రాణం పోతుంది. డిస్పెల్ చేస్తే (మంత్రంతో తీసేస్తే) దగ్గర్లో ఉన్నవాళ్ల మీదకి దూకుతుంది. అంటుకున్నవాళ్లు పోతే ఒక స్టాక్ (ఒక పొర బలం) పెరిగి దూకుతుంది. చాలా బ్యాచ్‌లు తప్పు చేసేది ఇక్కడే. హీలర్ ఐకాన్ కనిపించగానే ఆత్రంగా డిస్పెల్ నొక్కేస్తాడు, ప్లేగ్ పక్కనున్న మేజ్ మీద పడుతుంది, అక్కడి నుంచి ఇంకొకరి మీదకి. సరైన పద్ధతి ఏంటంటే, అంటుకున్నవాళ్లు నోరెత్తకుండా నేరుగా రెండో ట్యాంక్ దగ్గరున్న హారర్ పక్కకి పరిగెత్తాలి. అక్కడికి చేరాకే డిస్పెల్. అప్పుడది హారర్ మీద పడుతుంది, అది చచ్చాక స్టాక్ పెరిగి తర్వాతి హారర్ మీదకి వెళ్తుంది. ఆయన సైన్యాన్ని ఆయన రోగమే తినేస్తుంది, ఆ హారర్లని డీపీఎస్ ముట్టుకోనక్కర్లేదు. మొత్తం ఫైట్‌లో ఆయన ఆయుధం మన చేతికొచ్చే చోటు ఇదొక్కటే. ప్రతి దూకుడుకీ ఆయన డ్యామేజ్ 2 శాతం చొప్పున కాసేపు పెరుగుతుంది, కాబట్టి రాజుని పట్టుకున్న ట్యాంక్ మీదుండే హీలర్ ఏమారకూడదు.

ఇన్‌ఫెస్ట్ అనే ఆయన మంత్రం అందరి మీదా పడుతుంది. హెల్త్ 90 శాతం దాటించేదాకా టిక్ (సెకన్ల వారీగా తగిలే దెబ్బ) పెరుగుతూ పోతుంది. డిసిప్లిన్ ప్రీస్ట్ ఉంటే పడకముందే షీల్డులు వేసేస్తే సరి, డ్యామేజ్ మొత్తం షీల్డ్ మింగేస్తే అసలు అంటుకోదు.

70 శాతం దగ్గర ఆయన నడిమధ్యకి వెళ్లి రిమోర్స్‌లెస్ వింటర్ అనే మంచు తుఫాను మొదలుపెడతాడు, ఇదే మొదటి విరామ దశ. అందరూ 45 గజాల అవతలికి, అంటే బయటి అంచుకి వెళ్లాలి. మనవాళ్ల రూపంలోనే రేజింగ్ స్పిరిట్లు పుడతాయి, వాటి అరుపు ముందున్నవాళ్లని సైలెన్స్ చేస్తుంది. ట్యాంక్ వాటిని బయటివైపు తిప్పాలి. ఐస్ స్ఫియర్ (మంచు గోళం) పనిని ఒక రేంజ్డ్ (దూరం నుంచి కొట్టేవాడు) ముందే తీసుకుని దాన్ని కాల్చాలి, తగిలితే అంచు నుంచి కిందకి నెట్టేస్తుంది. నిమిషం అయ్యాక క్వేక్ కాస్ట్ కనిపించగానే లోపలికి పరుగు, బయటి అంచు మొత్తం ఊడిపోతుంది.

రెండో దశ, డిఫైల్. సగం బ్యాచ్‌లు వారాల తరబడి ఇరుక్కునేది ఇక్కడే. ఎవరో ఒకరి కాళ్ల కింద నల్లటి మడుగు పడుతుంది. అది ఒకరిని తాకిన ప్రతిసారీ సైజు పెరుగుతుంది. ఇద్దరు ఒక్క సెకను ఆలస్యం చేసినా ప్లాట్‌ఫాం సగం నిండిపోతుంది. కాస్ట్ మొదలవగానే నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద జనంలా అంతా ఒకే దిక్కుకి కదిలితే పని అయిపోయినట్టే. ఎవరి మూల వాళ్లకి ముందే పంచి పెట్టండి, ప్లాట్‌ఫాం మీద మార్కర్లు వేయండి. డిఫైల్ రావడానికి ఐదు సెకన్ల ముందే, కాస్ట్ కోసం చూడకుండా, విడిపోవాలి. డెడ్లీ బాస్ మాడ్స్ అనే యాడ్‌ఆన్ టైమర్ అందరి స్క్రీన్ మీదా ఉండాలి. వాయిస్‌లో "కుడి", "ఎడమ" అనొద్దు, ఎవరి కెమెరా ఎటు తిరిగి ఉందో తెలీదు. "లోపలికి", "బయటికి" ఈ రెండు మాటలే చాలు, అదీ ఒక్కరే చెప్పాలి.

దీనికి పూర్తిగా రివర్స్‌లో పనిచేసేది వాల్కిర్ అనే ఎగిరే యాడ్. పది మందిలో ఒకటి, ఇరవై ఐదు మందిలో మూడు వస్తాయి. ఒకరిని ఎత్తుకుపోయి అంచు అవతల పడేస్తుంది. దానికోసం అందరూ నడుమ గుమిగూడి ఉండాలి, స్టన్నులూ స్లోలూ వరసగా పడాలి. అంటే డిఫైల్‌కి విడిపోవడం, వాల్కిర్‌కి కలవడం. రెండూ దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు డిఫైల్‌కే పెద్దపీట. ఎత్తుకుపోయిన ఒక్కరు పోయినా ఫైట్ సాగుతుంది, మడుగు పెరిగితే సాగదు. సోల్ రీపర్ అనే దాడి పడిన ట్యాంక్‌కి ఐదు సెకన్లలో 50 వేలు తగులుతుంది, పైగా రాజు దెబ్బల వేగం పెరుగుతుంది. పడగానే రెండో ట్యాంక్ టాంట్ చేసి రాజుని తనవైపు తిప్పుకోవాలి.

వాల్కిర్ దగ్గరే ఒక పాత గొడవ ఉంది. 2010 ఫిబ్రవరిలో ఎన్‌సీడియా అనే యూరప్ గిల్డ్ ఇరవై ఐదు మంది నార్మల్‌లో ప్రపంచంలోనే మొదట ఆయన్ని పడగొట్టింది. వాళ్లలో ఒకరు వాడిన సారొనైట్ బాంబుల (గేమ్‌లోని ఒక పేలుడు వస్తువు) వల్ల ఊడిన అంచు మళ్లీ తయారై, వాల్కిర్‌లు పడేసినవాళ్లు కింద పడలేదు. గేమ్ కంపెనీ బ్లిజర్డ్ ఆ గెలుపు తీసేసి వాళ్లని 72 గంటలు సస్పెండ్ చేసింది. ఇరవై ఐదు మంది హీరోయిక్‌లో (ఇంకా కష్టమైన రూపంలో) మొదటి గెలుపు ఫిన్లాండ్ గిల్డ్ పారగాన్‌ది, 2010 మార్చిలో.

40 శాతం దగ్గర అంచు మళ్లీ వస్తుంది, విరామ దశ రిపీట్. మూడో దశలో డిఫైల్, రీపర్ అలాగే ఉంటాయి. హార్వెస్ట్ సోల్ ఒకరి ఆత్మని ఫ్రాస్ట్‌మోర్న్ లోపలికి లాగుతుంది. లోపల చనిపోయిన టెరెనాస్ ఆత్మ, స్పిరిట్ వార్డెన్ అనే శత్రువుతో పోరాడుతుంటుంది. వెళ్లింది హీలర్ అయితే టెరెనాస్‌ని బతికించాలి, డీపీఎస్ అయితే వార్డెన్‌ని చంపాలి, దాని కాస్టుల్ని ఇంటరప్ట్ చేయాలి. లాగేటప్పుడు ఆ మనిషి చనిపోతే రాజు డ్యామేజ్ కాసేపు మూడింతలు అవుతుంది. అందుకే గుర్తు పడగానే ఒక హీలర్ వాళ్లమీదే ఉండాలి. వైల్ స్పిరిట్లు అనే ఆత్మలు పైన కాసేపు తేలి, తర్వాత మీదకొచ్చి పేలతాయి. తేలుతున్నప్పుడే రేంజ్డ్ వాటిని తగ్గించాలి, మిగిలినవి అందరి హెల్త్ నిండుగా ఉన్నప్పుడు ఒక ట్యాంక్ మీద పేలనివ్వొచ్చు.

10 శాతం దగ్గర ఫ్యూరీ ఆఫ్ ఫ్రాస్ట్‌మోర్న్ అనే దాడి అందర్నీ చంపేస్తుంది. ఇది వైప్ కాదు. దయచేసి రిలీజ్ స్పిరిట్ నొక్కొద్దు. కొత్తవాళ్లకి ఫైట్ మొదలుపెట్టకముందే చెప్పండి, నొక్కినవాళ్లు చివరి ఘట్టానికి ఉండరు. మంచులో ఇరుక్కున్న మనవైపు వీరుడు టిరియన్ బయటపడి కత్తి విరగ్గొడతాడు, టెరెనాస్ ఆత్మ అందర్నీ లేపుతుంది, మిగిలిన పది శాతం కొట్టడమే. కింగ్‌స్లేయర్ బిరుదు వస్తుంది.

హీరోయిక్ వేరే లోకం. మొదటి దశలోనే నేల మీద పడే షాడో ట్రాప్ తొక్కితే ప్లాట్‌ఫాం అవతలికి ఎగిరిపోతారు. వాల్కిర్ సగం హెల్త్ దగ్గర పైకెగిరి అక్కణ్నుంచి కొడుతుంది. కత్తిలోకి ఒకరు కాదు, అందరూ వెళ్తారు. ఇరవై ఐదు మందికైతే హెచ్‌పీ సుమారు 10.3 కోట్లు. నార్మల్‌లో డిఫైల్ వల్ల ఒక్కరూ చావకుండా రెండు మూడు వారాలు వరసగా రాజు పడేదాకా ఆ సెట్టింగ్ మార్చొద్దు.