మా నాన్న ఒక్కరే (నా అనుభవం)

నిన్న సాయంత్రం అమ్మ ఖాతాలో డబ్బు పడింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడి. నాన్న పోయి పన్నెండేళ్లు. 2011లో మెచ్యూరయిన ఆయన జీవిత బీమా పాలసీ బాండు మొన్నామధ్య ట్రంకుపెట్టెలో పాత శుభలేఖల అడుగున దొరికింది. కంపెనీ వెబ్‌సైటులో వెతికితే ఎవరూ అడగని సొమ్ముల జాబితాలో ఉంది. తీరా అడిగితే, పదేళ్లు దాటిందని కేంద్రం వారి వయోవృద్ధుల సంక్షేమ నిధికి పంపేశామన్నారు. ఇక గోవిందా అనుకున్నా. కాదట. 2015 ఫైనాన్స్ చట్టంతో వచ్చిన నిధి అది. అందులోకి వెళ్లాక కూడా 25 ఏళ్ల దాకా మనం అడగొచ్చు, ఆ తర్వాతే సర్కారు సొంతం. అడగాల్సింది కూడా ఆ కంపెనీనే. ఈ ముక్క అక్కడి గుమాస్తాకి నేనే చెప్పాల్సొచ్చింది!

ఫారం, పాన్, రద్దు చేసిన చెక్కు ఒక్కపూటలో అయిపోయాయి. పేర్ల దగ్గరే పడింది పీటముడి. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మేం ఇటు పడ్డాం, పాతపట్నం అటు. అప్పట్నుంచీ మా పేర్లు ఒత్తులు పోగొట్టుకుంటూ గీత దాటుతుంటాయి. ఆంధ్రా వైపు బ్రాంచిలో తీసుకున్న బాండులో నాన్న 'అప్పలస్వామి'. ఇక్కడి మరణ ధ్రువపత్రంలో 'అపల స్వామీ', ఇంటిపేరు లేదు. నామినీ మా అమ్మ సూరమ్మ, ఆధార్‌లో 'సురమా'.

గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, హాలంతా వినబడేలా అడిగాడు: "ఈ ఇద్దర్లో మీ నాన్నెవరండీ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. డెబ్బై రెండేళ్ల అమ్మ మాత్రం కొంగు బిగించి, "నాకు పెనిమిటి ఒక్కడే బాబూ. పేర్లే మీ ఆఫీసులోళ్లు రెండు రాసినారు" అంది. ఆయన తలెత్తకుండా వారసుల సర్టిఫికెట్ తెమ్మన్నాడు. నామినీ ఎదురుగా నిలబడి ఉంటే అదెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

నాలుగుసార్లు తిరిగాం. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్లు చేయించా, నాన్నకొకటి, అమ్మకొకటి. చివరికి మేనేజరుకి అర్జీ రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని, బీమా కంపెనీల మీద ఫిర్యాదులకున్న సర్కారు వెబ్‌సైటు 'బీమా భరోసా'లో ఫిర్యాదు పెట్టా. "పెద్దోళ్లతో గొడవెందుకు" అన్న మా బావ ఇప్పుడు మాట్లాడట్లేదు. వారసుల సర్టిఫికెట్ ఊసు మళ్లీ రాలేదు. ముద్ర లేకుండా ఒక్క కాగితం కూడా ఇవ్వకండి. పది శాతం ఇస్తే చూసుకుంటాననే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకండి.

మెసేజ్ చదివి వినిపిస్తే అమ్మ అడిగింది: "ఇంతకీ ఆ ఇద్దర్లో ఎవరి డబ్బురా ఇది?"